తూకానికి ముందు నీళ్ళు

పన్నెండు కంచాలు వెళ్ళాయి, పన్నెండూ తిరిగొచ్చాయి. వాటిలో ఐదు మాత్రం దాదాపు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి.

వంటావిడ ఆ ఐదింటినీ సింకు పక్కన వరసగా పెట్టి చూసింది. ఒకదాంట్లో ఉడికిన గుడ్డు సగం కొరికి ఉంది. మరోదాంట్లో అన్నం మీద చెంచా గీత తప్ప ఇంకేమీ లేదు. చిక్కుడు గింజల కూర ఐదింట్లోనూ పొరకట్టి చల్లారిపోయింది. కంచంలో మిగిల్చిందాన్ని చూసి మనిషి సంగతి చెప్పడం ఆమెకు చేతనవును. కూర నచ్చనివాడు ఉత్త అన్నమైనా తింటాడు. అలిగినవాడు కడుపు నింపుకుని మరీ అలుగుతాడు. ఇది ఆ రెండూ కాదు. ముద్ద నోటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చిన కంచాలివి.

ఆ కొండ మీద గాలి పల్చగా ఉంటుంది. అక్కడ రెండు నెలలు పరిగెత్తి కిందికి దిగితే మామూలు గాలిలో గుర్రాల్లా దూసుకుపోతారని పెద్దలెవరో కనిపెట్టారు. అందుకని దూరపు పరుగుల వాళ్ళ సంఘం నాలుగు గదులూ, ఒక వంటగదీ, వెనక వరసగా నాలుగు మరుగుదొడ్లూ కట్టి, పన్నెండుమంది ఆడామగా కుర్రకారును తెచ్చి పెట్టింది. వాళ్ళకూ వాళ్ళ కోచ్‌కూ మూడు పూటలా వండిపెట్టడం ఆమె పని. భర్త ఆ శిబిరం వ్యాను నడుపుతాడు. అత్తగారితో కలిసి ముగ్గురూ వంటగది వెనక గదిలో ఉంటారు.

కోచ్ తలుపు దగ్గరే నిలబడి అడిగాడు. "ఈ గింజలు ఎన్ని విజిల్స్ ఉంచావమ్మా?"

"ఏడు సార్."

"కింద మూడు సరిపోతాయి కదా."

"కిందయితే మూడే సార్. ఇక్కడ నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ వాటిలో వేడుండదు. బుడగలొచ్చాయి కదా అని దింపితే లోపల పచ్చిగానే ఉంటుంది. అందుకే ఏడు."

కోచ్ లోపలికి వచ్చి ఒక కంచంలోంచి గింజ తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. అది వెన్నలా నలిగింది. నలగడం ఆయనా చూశాడు, ఆమె కూడా చూసింది. ఆయన వేళ్ళను కంచం అంచుకు తుడిచాడు.

"ఐదుగురికి వాంతులు, విరేచనాలు. పొద్దున ఇరవై కిలోమీటర్ల పరుగులో ముగ్గురు మధ్యలో రాళ్ళ వెనక్కి పరిగెత్తారు. నీళ్ళు తాగడం లేదా అంటే తాగుతున్నారు. సీసాలు ఖాళీ చేసుకునే వస్తున్నారు, నేను ఒక్కొక్కటీ తలకిందులు చేసి చూస్తున్నా. బరువు తగ్గారా అంటే అదీ లేదు, రోజూ ఆరింటికి తూకం వేస్తున్నా. ఇక మిగిలింది వంటేగా."

ఆమె కంచం అంచున అంటుకున్న నలిగిన గింజను చూసింది.

"రేపట్నించి ప్యాకెట్ భోజనం. నువ్వు నీళ్ళు మరిగించి ఇవ్వు చాలు. శనివారం సంఘం డాక్టరమ్మ వస్తుంది. పిల్లలకు ఎందుకు జబ్బు చేసిందో కాగితం మీద రాసి ఆవిడకివ్వాలి. అందులో నీ సంతకం కూడా ఉంటే బాగుంటుంది." ఆయన గొంతులో కోపం లేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పాడు. "నిన్నేం పంపెయ్యను. వేరే పనిస్తా."

ఆయన వెళ్ళాక ఆమె కంచాలు కడగడం మొదలుపెట్టింది. అప్పుడు తనకు కోపం రావాలి. రాలేదు. ఆ సింకులో మంచులాంటి నీళ్ళలో పావుగంట చేతులుంచితే వేళ్ళు తనవి కానట్టయిపోతాయి, గిల్లినా తెలియదు. ఆరేళ్ళుగా అలవాటే. లోపల కూడా అలాగే ఉంది. పన్నెండో కంచం కడిగి బోర్లించాక కూడా ఏమైనా వస్తుందేమోనని కాసేపు నిలబడి చూసి, పీట వాల్చుకుని కూర్చుంది.

విషయం విని అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట. వీళ్ళు పరిగెత్తలేక నీ కుక్కరు మీద పడ్డారా?"

"నెమ్మదిగా మాట్లాడమ్మా," అన్నాడు కొడుకు. అతను బూటు లేసులు విప్పుకుంటున్నాడు. "కాగితమే కదా. పెడితే పోలా. గది ఉంటుంది, నా వ్యాను ఉంటుంది."

"కాగితమే కదా అంటావేంట్రా. రేపు ఇది ఏ వంటింటి గుమ్మం ఎక్కినా ఆ కాగితం దీనికంటే ముందు నడుస్తుంది. పదిహేనుమందికి విరేచనాలు పట్టించిన చెయ్యి అంటారు."

"ఐదుగురికే అత్తయ్యా."

"కొండ దిగేసరికి పదిహేనవుతుంది, నువ్వుండు." ముసలావిడ కోడలి చేతిని పట్టుకుని చూసి, తన దుప్పట్లోకి లాక్కుంది. "నీ చేతి కూడు తిని నేను ఇన్నాళ్ళు బతికాను. అదొక్కటి చాలదా సాక్ష్యం. నాలాంటి మొండిఘటానికి కూడా అరిగింది."

కోడలు నవ్వింది. ఆమెకున్నది ఆ పేరొక్కటే. ఆ చేతి వంట తిని ఎవరికీ కడుపునొప్పి రాలేదు అనే పేరు. అది పోతే తను రేపు ఏ పొయ్యి దగ్గరా నిలబడలేదని ఆమెకు తెలుసు. తెలిసి కూడా నిద్ర పట్టింది.

మంగళవారం వండే పని లేదు. కెటిల్ రెండుసార్లు మరిగించి ఇచ్చాక చేతులు ఖాళీ అయిపోయాయి. ఖాళీ చేతులతో కూర్చోవడం రాక పాత కూరగాయల తొక్కలు పారబోద్దామని నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళింది. అటు ఎవరూ వెళ్ళరు. ఎండ పడదు, నేల పొద్దెక్కేదాకా గడ్డకట్టే ఉంటుంది.

ట్యాంకు వెనక నేలంతా నారింజ రంగులో మెరుస్తోంది. మంచు అట్టులా పేరుకుపోయి, చాప వెడల్పున పరుచుకుని ఉంది. ఆమె వంగి గోటితో గీరి నాలిక మీద పెట్టుకుంది. చక్కెర. పరుగు వాళ్ళు బలానికని సీసాల్లో కలుపుకునే నారింజ పొడి నీళ్ళు. ఒక రోజువి కావు, వారాల తరబడి పోసినవి.

వెనక అడుగుల చప్పుడైంది. గడ్డిపోచ వచ్చింది. ఆ పిల్లకు అందరూ పెట్టిన పేరది. సన్నగా, గాలికి ఊగేట్టు ఉంటుంది, అయినా చివరి మైలులో మగపిల్లల్ని కూడా దాటేస్తుంది. చేతిలో సీసా. మూత అప్పటికే తీసి ఉంది. వంటావిడను చూసి ఆగిపోయింది గానీ, సీసా దాచలేదు.

"పారబోయడానికా?" అంది వంటావిడ.

"తాగలేను పిన్నీ. నోట్లో పోసుకోగానే తిప్పుతుంది. పరిగెడుతుంటే లోపల గళగళమని ఊగుతాయి. ఒక గుక్క తాగితే రెండు గుక్కలు బయటికొస్తాయి."

"ఎన్ని చెంచాలు కలిపావు?"

"నాలుగు."

"డబ్బా మీద రెండు అని బొమ్మ వేసుంటుందే."

"తాగేది కొంచెమే కదా, చిక్కగా ఉంటే బలమని అందరం నాలుగు వేస్తాం. ఈ చలికి దాహం కూడా వెయ్యదు పిన్నీ. నోరు మాత్రం అట్టకట్టుకుపోతుంది." పిల్ల పెదాలు తడుపుకుంది, నాలిక మీదే తడి లేదు. "సీసా నిండా ఉంటే సార్ తిడతారు. అందుకని ఇక్కడ."

"అందరూనా?"

గడ్డిపోచ నేల మీది నారింజ మంచును చూసింది. ఇంత ఒక్కదాని వల్ల అవుతుందా అన్నట్టు.

"మరి తూకం? ఒంట్లోకి నీళ్ళు పోకపోతే బరువు తగ్గాలి కదా."

"తూకానికి ముందు తాగుతాం. మామూలు నీళ్ళు. ఐదింబావుకి లీటరున్నర, గబగబా. ఆరింటికి ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. తూకం దిగ్గానే దొడ్డికి పరుగు." చిన్నగా నవ్వింది. "ఆ పరుగులో మాత్రం అందరం ఫస్టే."

"అంత చలిలో పరగడుపున లీటరున్నరా? పిచ్చా మీకు?"

"రెండు కిలోలు తగ్గితే కిందికి పంపేస్తారు పిన్నీ. సంఘం రూలు. నా బరువు ఎప్పుడో రెండున్నర తగ్గింది."

వంటావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలింది. అది కిందికి దిగకుండా గుడారంలా నిలబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాక నెమ్మదిగా వాలింది.

"నా మీద రాస్తున్నారు, తెలుసా?"

"తెలుసు." పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగలేదు. తిరగడానికి ఒంట్లో ఉండాలి కదా. "శుక్రవారం పోటీ పిన్నీ. మొదటి ముగ్గుర్ని పెద్ద పోటీకి తీసుకుంటారు. నాకిది మూడోసారి రావడం, ఇంకో ఏడాది మా నాన్న పంపడు. శుక్రవారం దాకా నోరు మెదపకు. అది అవగానే నేనే వెళ్ళి సార్‌కి చెప్తా, నీ వంట తప్పు కాదని. నీ మీద ఒట్టు."

చెప్పేద్దామా అనిపించింది వంటావిడకు. కోచ్ గది ట్యాంకు నుంచి నలభై అడుగులు. నారింజ మంచు చూపిస్తే చాలు. కానీ ఆమె చెయ్యి ఇంకా ఆ పిల్ల చేతి మీదే ఉంది, ఆ చర్మం కాగితంలా ఉంది.

"నీళ్ళు లేకుండా శుక్రవారం పరిగెడితే నువ్వు గమ్యం దగ్గర కాదు, దారిలో పడి ఉంటావు," అంది. "పోటీ దాకా చెప్పను. కానీ నేనిచ్చింది తాగాలి, నేను చెప్పినట్టు తాగాలి."

నీళ్ళు మరిగించడం తప్ప ఏమీ చెయ్యొద్దన్నాడు కోచ్. నీళ్ళలో గుప్పెడు బియ్యం పడితే అదేం వంట కిందికి రాదని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. నూకలు కడిగి కుక్కర్లో పోసి మెతుకు కరిగిపోయేదాకా ఉడికించింది. గుడ్డలో వడగట్టింది. ఉప్పు వేసి, నాలిక మీద పెట్టుకుని చూసి, కన్నీళ్ళంత ఉప్పగా ఉంటే చాలని ఆపింది. గోరువెచ్చగా ఉండగానే గ్లాసును కొంగు కింద పెట్టుకుని ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళింది.

"రెండు గుక్కలు. అంతే. ఇప్పుడు వంద లెక్కపెట్టు."

"వందా?"

"పొయ్యిలో నిప్పు తగ్గినప్పుడు ఒకేసారి మొద్దు పెడితే ఆరిపోతుంది. పుల్లా పుల్లా వెయ్యాలి. లెక్కపెట్టు."

మొదటిరోజు ఏడో గుక్కకు కక్కింది. వంటావిడ వీపు రాసి, మూతి తుడిచి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టించింది. బుధవారం నాలుగు గ్లాసులు నిలిచాయి. పొడి నీళ్ళను కూడా రెండు చెంచాలకు తగ్గించి, గోరువెచ్చటి నీళ్ళలో కలిపి ఇచ్చింది. గురువారం సాయంత్రం చేతి చర్మం లాగి వదిలితే రెండు అంకెలకే దిగింది. గడ్డిపోచ గ్లాసు తిరిగిస్తూ, ఏదో తప్పు చేసినదానిలా, "ఆకలేస్తోంది పిన్నీ," అంది. పందొమ్మిది రోజుల తర్వాత ఆకలేసిందట. వంటావిడ ఉడకబెట్టిన బంగాళాదుంప ఒకటి ఉప్పు రాసి పెట్టింది. పిల్ల తొక్కతో సహా తినేసింది.

మిగతా వాళ్ళకు ఏమీ తగ్గలేదు. మరుగుదొడ్ల దగ్గర బాల్టీ చప్పుడును బట్టి ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ పోటీ ముందు ఎవరూ కోచ్ దగ్గర నోరు విప్పరు. ఫిర్యాదు లేకపోయేసరికి ప్యాకెట్ భోజనంతో అందరికీ నయమైందని ఆయన అనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి పోటీ అయిపోయింది. కొండ చుట్టూ ముప్పై కిలోమీటర్లు. వంటావిడ కెటిల్ పట్టుకుని గమ్యం దగ్గర నిలబడింది. ముందు పొడుగోడు వచ్చాడు, వచ్చి వచ్చినచోటే వంగి పసరు కక్కాడు. తర్వాత ఇంకొకతను. మూడో మనిషి వంపు తిరగగానే ఆ ఊగే నడుము చూసి ఎవరో ఆమెకు అర్థమైంది. గడ్డిపోచ గీత దాటి, పడిపోకుండా నిలబడి, గుండెల నిండా ఊపిరి తీసుకుంది. వంటావిడ తనకు తెలియకుండానే రెండడుగులు ముందుకు వేసింది. సంతోషమే అనుకుంటా.

అరగంట తర్వాత అందరూ వేడినీళ్ళ కోసం వంటగది ముందు చేరారు. కోచ్ ముఖం వెలిగిపోతోంది. గడ్డిపోచ భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుంటూ వచ్చాడు.

"చూశావామ్మా? సోమవారం కక్కుతూ పడి ఉన్న పిల్ల. నాలుగు రోజులు నీ వంట మాన్పించాం, మూడో స్థానంలో వచ్చింది. ఇంతకంటే రుజువేం కావాలి?"

వంటావిడ పిల్ల వైపు చూసింది. ఇప్పుడు చెప్తుంది అనుకుంది.

కోచ్ కూడా ఆ పిల్లనే అడిగాడు. "కడుపులో ఏమైనా ఇబ్బందుందా?"

"లేదు సార్."

"ఈ నాలుగు రోజులూ ఏం తిన్నావు?"

గడ్డిపోచ వంటావిడ చేతిలో కెటిల్ వైపు చూసింది. తర్వాత కోచ్ బూట్ల వైపు.

"ప్యాకెట్ భోజనమే సార్."

"ఇంకేం తీసుకోలేదుగా?"

"ఇంకేం లేదు సార్."

ఎవరో గ్లాసు చాచారు. వంటావిడ అందులో నీళ్ళు పోసింది. తర్వాతి గ్లాసులోనూ పోసింది. పిల్ల గ్లాసు వంతు వచ్చినప్పుడు దాంట్లోనూ సరిగ్గా అంచుకు వేలెడు కిందిదాకా పోసింది. కోచ్ కాగితం తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. సరిగ్గా ఉడకని చిక్కుడు గింజల వల్ల అస్వస్థత అని ఉంది. ఆమె చదివింది. అక్షరాలన్నీ అర్థమయ్యాయి. పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

"రేపట్నించి మరుగుదొడ్ల పని చూడు," అన్నాడు కోచ్, మెత్తగానే. "ఇదిగో తాళం. మొన్న ఒకడు తడి నేల మీద జారాడు. కడిగాక ఆరేదాకా తాళం వేసి ఉంచు."

"ఏరు దాటి తెప్ప తగలేసింది," అంది అత్తగారు సంగతి విని. కోడలు చీపురుకు కర్ర బిగిస్తూ ఉంది. "ఏమే, కనీసం తిట్టనైనా తిట్టవా? నువ్వు తిట్టకపోతే నీ వంతు కూడా నేనే తిట్టాలి."

"మీరే తిట్టండి అత్తయ్యా. నాకు రావడం లేదు."

భర్త ఆమె వైపు చూసి, కంచంలో ప్యాకెట్ సేమ్యా కెలుకుతూ కూర్చున్నాడు. అది అతనికీ సయించలేదు.

శనివారం ఐదింబావుకి ఆమె బాల్టీతో వెనక వరస దగ్గరికి వెళ్ళింది. గోడ అవతల గదుల్లోంచి గుటకల చప్పుడు వినపడింది. మధ్యలో దగ్గు, తేన్పు, మళ్ళీ గుటకలు. ఇన్నేళ్ళూ ఆ సమయానికి ఆమె పొయ్యి దగ్గర ఉండేది కాబట్టి ఎప్పుడూ వినలేదు. నాలుగు దొడ్లూ కడిగి, నేల తుడిచి, ఆరింటికి దొడ్ల ముందున్న వరండా తలుపుకు తాళం వేసింది. నేల ఆరాలి కదా.

డాక్టరమ్మను వ్యాను అప్పుడే దింపింది. ఊలు టోపీ పెట్టుకున్న పెద్దావిడ. వరండాకు ఇరవై అడుగుల దూరంలో ఆరుబయట తూకం పెట్టారు. మొదట పోటీలో నెగ్గిన ముగ్గురూ. పొడుగోడు ఎక్కాడు, దిగాడు. గడ్డిపోచ ఎక్కింది, దిగింది. డాక్టరమ్మ అంకెలు రాసుకుంటోంది. అన్నీ పోయిన నెలకు కాస్త అటూ ఇటుగానే ఉన్నాయి. "భలే నిలబెట్టారండీ బరువులు," అంది. కోచ్ నవ్వాడు.

గడ్డిపోచ తూకం దిగ్గానే వరండా వైపు నడిచింది. నడక కాదు, పరుగు కాని పరుగు. తాళం చూసి ఆగింది.

"పిన్నీ, తలుపు."

"నేల తడిగా ఉందమ్మా. సార్ ఆరేదాకా తియ్యొద్దన్నారు."

పిల్ల ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారింది. పొడుగోడు వచ్చి వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత మరొకడు. తూకం దిగినవాళ్ళు దిగినట్టు వచ్చి వరస కట్టారు. ఐదుగురు, ఏడుగురు, తొమ్మిదిమంది. అందరూ మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డారు. ఒకతను గోడకు నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

నేల ఆరిపోయింది. వంటావిడకు తెలుసు, కిటికీలోంచి కనపడుతోంది. తాళంచెవి ఆమె అరచేతిలో ఉంది. తీసేస్తే ఒక్క నిమిషంలో అంతా మామూలైపోతుంది. తీయలేదు. ఆ చల్లటి ఇనుప ముక్క అరచేతిలో గుచ్చుకుంటుంటే, చాలా రోజుల తర్వాత ఆమెకు ఏదో తెలిసింది. ఛాతీలో మంట. అది కోపమని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతా."

"ఎంత తాగావు?"

పిల్ల గబుక్కున వెనక్కి చూసింది. డాక్టరమ్మ పెన్ను ఆపి ఇటే చూస్తోంది. పన్నెండుమందిలో పదకొండుమంది ఒకే తలుపు ముందు బిగదీసుకుని నిలబడితే ఎవరైనా చూస్తారు.

"ఎంత తాగావని అడుగుతున్నా."

"లీటరున్నర," అంది పిల్ల గొణుగుతూ.

"గట్టిగా చెప్పమ్మా. డాక్టరుగారికి వినపడాలి."

గడ్డిపోచ పెదవి కొరుక్కుంది. ఆ పిల్ల ఏమనేదో తెలియదు గానీ, వెనక నుంచి పొడుగోడు ఏడుపు గొంతుతో అన్నాడు. "నేను రెండు లీటర్లు తాగాను తల్లీ. అందరం తాగాం. రోజూ తాగుతాం. ముందు నువ్వా తలుపు తియ్యి, తర్వాత ఉరి తియ్యి."

ఆమె తలుపు తీసింది.

వాళ్ళు ఒక్కొక్కరూ బయటికి రాగానే డాక్టరమ్మ మళ్ళీ తూకం ఎక్కించింది. ఒక్కొక్కరికీ కిలోన్నర దాకా ఊడింది. గడ్డిపోచ అంకె పోయిన నెల కంటే రెండు కిలోలకు పైగా తక్కువ చూపించింది. వంటావిడ ట్యాంకు వెనక ఏముందో చూపించింది. డాక్టరమ్మ బూటు కొనతో ఆ నారింజ మంచును పగలగొట్టి చాలాసేపు చూసింది.

"పరిగెత్తేటప్పుడు రక్తమంతా కాళ్ళకే పోతుందండీ. కడుపుకు మిగలదు," అంది కోచ్‌తో. "ఇంత ఎత్తులో మరీనూ. అలాంటి కడుపులో పాకంలాంటి నీళ్ళు పోస్తే ఎలా నిలుస్తాయి? ఇక్కడ ఊపిరి వదిలినా నీళ్ళు పోతాయి, దాహం మాత్రం వెయ్యదు. వీళ్ళు వారాలుగా ఎండిపోయి ఉన్నారు. మీరేమో ఖాళీ సీసాలు లెక్కపెట్టుకున్నారు. ఇందులో చిక్కుడు గింజలు చేసిన పాపమేమిటి?"

కోచ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ ఫైల్లోంచి కాగితం తీసి వంటావిడకు చూపించింది. "ఈ సంతకం నీదేనా?"

"నాదేనండి."

"చదివే పెట్టావా?"

"చదివే పెట్టానండి."

"మరి ఎందుకు పెట్టావమ్మా?"

"నాకప్పుడు ఏమీ అనిపించలేదండి."

డాక్టరమ్మ ఆ కాగితం మీద అడ్డంగా రెండు గీతలు గీసింది. కింద ఏదో రాసింది. వంట శుభ్రంగా ఉంది అని రాశానంది. నలుగురు ఈ రోజే దిగాలని, నెల దాకా పరుగు ఊసెత్తకూడదని చెప్పింది. పొడుగోడు, మరో ఇద్దరు, గడ్డిపోచ. పెద్ద పోటీ జాబితాలో పొడుగోడి పేరు మీదా, గడ్డిపోచ పేరు మీదా కూడా అలాంటివే రెండేసి గీతలు పడ్డాయి.

తొమ్మిదింటికి వ్యాను బయల్దేరడానికి సిద్ధమైంది. డ్రైవరు సంచులు పైకి విసురుతూ భార్య వైపు చూసి తల ఊపాడు, అంతకంటే అతనికి చేతకాదు. గడ్డిపోచ అందరికంటే చివర వచ్చింది. సంచి భుజాన వేసుకుని వంటగది గుమ్మం దగ్గర నిలబడింది. ముఖం కడుక్కుంది గానీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు రావడానికి సరిపడా నీళ్ళున్నాయి, అవి తను పోసినవే అని వంటావిడకు తోచింది.

"ఇంకో రెండు రోజులాగి ఉంటే నేనే చెప్పేదాన్ని పిన్నీ," అంది.

వంటావిడ ఆ ముఖంలోకి చూసింది. చెప్పేది కాదు. ఆ సంగతి తనకు తెలుసు, పిల్లకూ తెలుసు. అయినా ఆ మాట మీద కాలు పెట్టి దిగాలని ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. కింద తండ్రికి చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"అవునమ్మా," అంది. "చెప్పేదానివే."

వ్యాను వంపు తిరిగి కనపడకుండా పోయింది. కోచ్ గుమ్మం దాకా వచ్చి, మధ్యాహ్నానికి ఎనిమిదిమందికి వండాలని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె బియ్యం కొలిచి సింకులో చేతులు పెట్టింది. నీళ్ళు భరించలేనంత చల్లగా తగిలాయి. చేతులు వెనక్కి తీసుకుని, గట్టు పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తన పేరు తనకు దక్కిందనా, ఆ పిల్ల వెళ్ళిపోయిందనా అని వెనక గదిలోంచి వచ్చిన అత్తగారు అడిగింది. రెంటికీ అన్నట్టు ఆమె తల ఊపింది. ముసలావిడ ఇంకేమీ అడక్కుండా తనే బియ్యం కడగడం మొదలుపెట్టింది.